ఫ్రిస్కోలో సీనియర్ పీజీఏ చాంపియన్‌షిప్: గ్యాలరీలో నిలబడి చూసినవారి సమీక్ష

గోల్ఫ్ పోటీని టికెట్టు కొని చూడాలా, ఇంట్లో టీవీలో చూస్తే సరిపోదా అని అడిగే మిత్రులకు నేను ముందుగా సూచించేది సీనియర్ పీజీఏ చాంపియన్‌షిప్. యాభై ఏళ్ళు నిండిన ఆటగాళ్ళ కోసం ఏటా జరిగే ఐదు మేజర్ (అత్యంత ప్రతిష్ఠాత్మక) పోటీలలో ఇది అన్నిటికంటే పాతది. 2023 మే 25 నుంచి 28 వరకు ఇది టెక్సాస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో, ఫీల్డ్స్ రాంచ్ ఈస్ట్ అనే కొత్త కోర్సులో జరిగింది. డాలస్ ఉత్తర శివార్లలో తెలుగు కుటుంబాలు ఎంత పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయో అందరికీ తెలిసిందే కనుక, మన ఇళ్ళ నుంచి కారులో కొద్ది నిమిషాల దూరంలో ఒక మేజర్ జరగడం ఎలాంటి అనుభవమో, పెట్టిన డబ్బుకూ సమయానికీ అది ఎంతవరకు న్యాయం చేసిందో వివరంగా రాయడం అవసరమనిపించింది.

ఆ వారం చాలామంది నోట విన్న మాట ఒకటుంది. 2027లో పురుషుల పీజీఏ చాంపియన్‌షిప్ ఇక్కడికే వస్తోంది కాబట్టి, ఇది దానికి ముందు జరిగే సన్నాహం మాత్రమేనని వారి ఉద్దేశం. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించను. నిర్వాహకులకు అది సన్నాహమే కావచ్చు; దారులు, పార్కింగ్, తాత్కాలిక స్టాండ్లు ఎలా పనిచేస్తాయో వారు చూసుకుని ఉండవచ్చు. ప్రేక్షకుడికి మాత్రం ఇది తనకు తానుగా నిలబడగల పోటీ, కొన్ని విషయాలలో పెద్ద మేజర్ల కంటే మెరుగైన పోటీ కూడా.

దీని చరిత్ర తెలిస్తే ఈ మాట అతిశయోక్తిగా తోచదు. ఈ చాంపియన్‌షిప్ 1937లో అగస్టా నేషనల్ క్లబ్‌లో మొదలైంది. ఆ క్లబ్ స్థాపకుడు బాబీ జోన్స్ తమ మైదానాన్ని ఇచ్చాడు, ఆ క్లబ్ సభ్యుడు ఆల్ఫ్రెడ్ బోర్న్ ట్రోఫీ చేయించి ఇచ్చాడు. నేటికీ విజేత అందుకునే ట్రోఫీ ఆయన పేరు మీదే ఉంది. తొలి విజేత జాక్ హచిసన్. సామ్ స్నీడ్ దీనిని ఆరుసార్లు గెలిచాడు. 1973లో, అరవై ఏళ్ళ వయసులో, రెండో స్థానంలో ఉన్నవాడి కంటే 15 స్ట్రోకుల (దెబ్బల) ముందు నిలిచాడు; గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలు కొట్టినవారే విజేత. హేల్ అర్విన్ 1996 నుంచి వరుసగా మూడేళ్ళు గెలిచి, 2004లో మళ్ళీ గెలిచాడు. ఫ్లోరిడాలో కొన్ని దశాబ్దాలు గడిపిన ఈ పోటీ ఆ తర్వాత దేశంలోని వేర్వేరు ఊళ్ళు తిరిగి, మిషిగన్‌లోని హార్బర్ షోర్స్‌లో అనేకసార్లు జరిగి, 2023లో ఫ్రిస్కో చేరింది. గోల్ఫ్ క్లబ్ ప్రొఫెషనల్స్ సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా తన ప్రధాన కార్యాలయాన్ని 2022లో ఫ్లోరిడా నుంచి ఫ్రిస్కోకు మార్చుకున్నాక, ఆ ప్రాంగణంలోని కోర్సులో జరిగిన తొలి మేజర్ ఇదే.

కోర్సు గురించి కొంత చెప్పాలి. గిల్ హాన్స్ రూపొందించిన ఫీల్డ్స్ రాంచ్ ఈస్ట్ పార్ 72 కోర్సు, అంటే పద్దెనిమిది హోల్స్‌కు నిర్ణయించిన దెబ్బలు 72. పొడవు ఏడు వేల గజాలకు పైమాటే. ఎగుడుదిగుడు గడ్డి నేల, అంచులు చిందరవందరగా కనిపించేలా తవ్విన బంకర్లు (ఇసుక గుంటలు), మధ్యలో పాంథర్ క్రీక్ అనే వాగు దీని స్వరూపం. ఫెయిర్‌వేలు (గ్రీన్ దాకా పొట్టిగా కోసిన గడ్డి దారులు) విశాలంగా ఉంటాయి కనుక మొదటిసారి చూసినవారికి ఇది సులువైన కోర్సనిపిస్తుంది. గ్రీన్ల (హోల్ ఉండే నున్నటి గడ్డి) దగ్గరకు వెళ్ళి నిలబడితే ఆ అభిప్రాయం మారిపోతుంది, ఎందుకంటే బంతిని ఫెయిర్‌వేలో ఏ పక్కకు కొట్టారన్నదాన్ని బట్టే గ్రీన్ మీదికి దారి తెరుచుకోవడమో మూసుకుపోవడమో జరుగుతుంది. ఆటగాడు కొట్టిన బంతి ఫెయిర్‌వే మధ్యలోనే పడినా అతని ముఖం ఎందుకు ముడుచుకుందో టీవీలో అర్థం కాదు. గ్రీన్ పక్కన నిలబడి అతని వైపు చూస్తే, జెండాకూ అతనికీ మధ్య ఉన్న బంకరు గోడ చూస్తే వెంటనే అర్థమవుతుంది.

ఈ కోర్సు స్వభావం గాలిని బట్టి ఎంత మారుతుందో తర్వాతి చరిత్ర రుజువు చేసింది. 2023లో సీనియర్ల పోటీలో మొదటి ఇద్దరూ 18 అండర్ పార్‌తో, అంటే పార్ కంటే 18 దెబ్బలు తక్కువలో ముగించారు. 2025 జూన్‌లో ఇదే కోర్సులో మహిళల పీజీఏ చాంపియన్‌షిప్ జరిగినప్పుడు వేడిమి, ఈదురుగాలి కలిసి వచ్చి, విజేత మిన్జీ లీ 4 అండర్‌తో గెలిచింది. ఆమెతో కలిపి మొత్తం ముగ్గురు మాత్రమే పార్ కంటే తక్కువలో ముగించగలిగారు. సీనియర్ల స్కోర్లు చూసి కోర్సు మెత్తనిదని తేల్చినవారు ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడాలి. మే నెలాఖరులో గాలి నెమ్మదించిన రోజున చేయి తిరిగిన ఆటగాడు ఈ నేల మీద ఎన్ని బర్డీలు (హోల్‌కు పార్ కంటే ఒక దెబ్బ తక్కువ) చేయగలడో చూపించిన పోటీ అది.

ఇక ఆట. ఈ సమీక్షలో నేను ఎక్కువ చోటు దీనికే ఇవ్వదలచుకున్నాను, ఎందుకంటే టికెట్టు విలువ తేలేది ఇక్కడే.

నాలుగు రోజులు ముగిసేసరికి స్టీవ్ స్ట్రికర్, పాడ్రిగ్ హారింగ్టన్ ఇద్దరూ 270 దెబ్బల దగ్గర సమానంగా నిలిచారు. విజేతను తేల్చే ప్లేఆఫ్ పద్దెనిమిదో హోల్ మీద జరిగింది, ఆ ఒక్క హోల్‌తోనే స్ట్రికర్ గెలిచాడు. ఈ ఇద్దరి పేర్లకు వెనుక ఒక కథ ఉంది. 2021 రైడర్ కప్‌లో అమెరికా జట్టుకు స్ట్రికర్, యూరప్ జట్టుకు హారింగ్టన్ కెప్టెన్లు. అమెరికా 19-9తో గెలిచింది. ఆ వెంటనే స్ట్రికర్ గుండెకు సంబంధించిన తీవ్రమైన వాపుతో ఆసుపత్రి పాలై, బాగా బరువు తగ్గి, నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. 2022 యూఎస్ సీనియర్ ఓపెన్‌లో హారింగ్టన్ అతణ్ణి ఒక్క స్ట్రోకు తేడాతో ఓడించాడు. అలాంటి ఇద్దరు ఫ్రిస్కోలో మళ్ళీ ఎదురుపడి, నాలుగు రోజులకూ విడిపోక పార్ 5 హోల్ మీద అదనపు ఆటకు వెళ్ళారంటే, దీనిని విశ్రాంత జీవులు సరదాగా ఆడుకునే ఆటగా కొట్టిపారేయడం ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కరలేదు. అంతకు రెండు వారాల ముందే రీజన్స్ ట్రెడిషన్ అనే మరో సీనియర్ మేజర్ గెలిచిన స్ట్రికర్‌కు ఇది ఆరో సీనియర్ మేజర్. ఆ జూలైలో సీనియర్ ప్లేయర్స్ కూడా గెలిచి ఒకే ఏడాదిలో మూడు మేజర్లు సాధించాడు.

ఈ ఇద్దరి ఆటలో తేడాను దగ్గర నుంచి చూడగలగడమే నాకు ఈ పోటీ ఇచ్చిన అసలు లాభం. హారింగ్టన్ యాభై దాటాక కూడా దూరం పెంచుకోవడానికి శ్రమిస్తున్నవాడు. డ్రైవర్ (ఎక్కువ దూరం కొట్టే క్లబ్బు) పట్టుకున్నాడంటే ఒంట్లోని బలమంతా ఆ దెబ్బలో పెడతాడు. స్ట్రికర్ చేతిలో వెడ్జ్ (దగ్గరి షాట్లకు వాడే క్లబ్బు) చూడాలి. వంద గజాల లోపలి షాట్‌కు అతని మణికట్టు దాదాపు మడవదు. చేతులు, భుజాలు, ఛాతీ ఒకే దిమ్మెలా వెనక్కి తిరిగి ఒకే దిమ్మెలా ముందుకు వస్తాయి. క్లబ్బు నేలను తవ్వదు, గడ్డిని మెల్లగా కోసినట్టు తాకి వెళుతుంది. బంతి మరీ ఎత్తుకు లేవకుండా వెళ్ళి, రెండుసార్లు ఎగిరి ఆగుతుంది. మనలో క్లబ్బు పట్టినవారు చాలామంది ఈ షాట్ దగ్గరే మణికట్టు ఎక్కువగా వాడి బంతిని చెడగొట్టుకుంటారు. కోచింగ్‌కు డబ్బు పోసేముందు, ప్రాక్టీస్ గ్రౌండ్ తాడు దగ్గర ఒక గంట నిలబడి ఇలాంటి చేతిని గమనించడం మేలని నా నమ్మకం.

సీనియర్ ఆటను కొత్తవారికి సిఫారసు చేయడానికి మరొక కారణం ఇదే. కుర్రవాళ్ళ పోటీలో డ్రైవర్‌తో కొట్టిన బంతి కంటికి ఆనదు. మూడు వందల ఇరవై గజాలు వెళ్ళిపోయాక, ఇంక మిగిలింది చిన్న వెడ్జ్. ఇక్కడ అదే హోల్‌కు ఒకరు ఏడో నంబరు ఐరన్, ఒకరు హైబ్రిడ్, మరొకరు వెడ్జ్ తీస్తారు. కాడీ (ఆటగాడి బ్యాగు మోసే సహాయకుడు) చిటికెడు గడ్డి తెంపి గాలిలోకి వదలడం, అది ఎటు పడిందో చూసి ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోవడం, బ్యాగులో సగం పైకి తీసిన క్లబ్బును తిరిగి లోపలికి తోసి పక్కదాన్ని తీయడం, ఇవన్నీ మాట వినిపించేంత దూరంలో జరుగుతాయి. జనం మరీ ఎక్కువ కాకపోవడం వల్ల, పిల్లలను భుజాల మీదికి ఎత్తుకోకుండానే వారికి ఇది చూపించవచ్చు.

సీనియర్ టూర్‌లో మామూలు పోటీలు చాలావరకు మూడు రోజులే, వాటిలో వడపోత ఉండదు. ఈ మేజర్‌కు వచ్చేసరికి 72 హోల్స్, నాలుగు రోజులు. 156 మందిలో రెండో రోజు తర్వాత మొదటి డెబ్భై స్థానాల వారు, వారితో సమానంగా ఉన్నవారు మాత్రమే మిగులుతారు. మామూలు పోటీలలో అనుమతించే గోల్ఫ్ బండి సౌకర్యం సీనియర్ మేజర్లలో ఉండదు, నడవాల్సిందే. యాభై అయిదేళ్ళ మోకాళ్ళతో టెక్సాస్ ఎండలో నాలుగు రోజులు ఆ ఎత్తుపల్లాలు నడిచి, చివరి తొమ్మిది హోల్స్‌లో చేయి వణకకుండా పట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బ) వేయడం ఎంతటి పనో, ఒక రోజు వారి వెంట పద్దెనిమిది హోల్స్ నడిచినవారికి ఒంటికి తెలుస్తుంది.

సీనియర్ మేజర్లలో ఈ పోటీకి మాత్రమే ఉన్న ప్రత్యేకత మరొకటి ఉంది, దాని గురించి ప్రచారం చాలా తక్కువ. 156 మందిలో 35 మంది క్లబ్ ప్రొఫెషనల్స్. వీరు టూర్ మీద తిరిగే ఆటగాళ్ళు కారు. ఊరి గోల్ఫ్ క్లబ్బులో పాఠాలు చెప్పేవారు, ప్రో షాపు నడిపేవారు, పొద్దున సభ్యులు ఆట మొదలుపెట్టే వేళలు (టీ టైములు) చూసుకుని సాయంత్రం మిగిలిన వెలుతురులో తమ సాధన చేసుకునేవారు. తమలో తాము పోటీపడి ఇక్కడికి అర్హత సంపాదించుకుంటారు. ఫ్రిస్కో పోటీకి సరిగ్గా వారం ముందు, ఓక్ హిల్‌లో జరిగిన పురుషుల పీజీఏ చాంపియన్‌షిప్‌లో మైకేల్ బ్లాక్ అనే 46 ఏళ్ళ క్లబ్ ప్రొఫెషనల్ చివరి రోజున ఒకే దెబ్బకు బంతిని హోల్‌లో వేసి, పదిహేనో స్థానాన్ని పంచుకుని దేశమంతా మారుమోగాడు. ఆ ఉత్సాహం ఇంకా చల్లారకముందే అదే కోవకు చెందిన 35 మంది మన ఊరికి వచ్చారు. వారి గుంపుల వెంట పెద్దగా జనం లేరు. ఇంటివాళ్ళు, క్లబ్బు సభ్యులు, ఇద్దరు ముగ్గురు స్నేహితులు. ఆ గుంపుల వెంట కొన్ని హోల్స్ నడవమని నేను గట్టిగా చెబుతాను. మేజర్ పోటీలో పార్ నిలబెట్టుకోవడానికి ఒక పాఠాల మాస్టారు అయిదడుగుల పట్ మీద ఎంతసేపు ఆలోచిస్తాడో చూస్తే, ఈ ఆట ఎవరి చేతుల మీదుగా బతుకుతోందో తెలుస్తుంది.

సదుపాయాల విషయంలో నా మార్కులు మిశ్రమంగానే ఉంటాయి. వాలంటీర్ల పని గొప్పది. ఏ గుంపు ఎక్కడ ఉందో, ఏ తాడు ఎప్పుడు దాటాలో, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో అడిగితే ఓపికగా చెప్పినవారు వీరే. వారిలో చాలామంది ఆటగాళ్ళ కంటే పెద్దవారు. టికెట్టున్న పెద్దవారితో వచ్చే పిల్లలకు ప్రవేశం ఉచితం కావడం వల్ల, నలుగురున్న కుటుంబానికి ఖర్చు ఇద్దరి టికెట్లతో తేలిపోతుంది. ఇతర వృత్తి క్రీడలకు ఇదే ఊళ్ళో మనం పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా నయం.

నీడ మాత్రం పెద్ద లోటు. కోర్సు కొత్తది, నేల బయలు. వాగు ఒడ్డున కొన్ని చెట్లున్నా, ప్రేక్షకులు ఎక్కువసేపు నిలిచే గ్రీన్ల చుట్టూ తలదాచుకునే చోటు తక్కువ. మేలోనే ఇలా ఉంటే జూన్ పోటీలకు పరిస్థితి ఇంకా కష్టం. ఖరీదైన ఆతిథ్య శిబిరాలకు నీడ దొరికి, మామూలు టికెట్టు కొన్నవారికి దొరకకపోవడం సరైన ఏర్పాటు కాదు. పదిహేనో హోల్, పద్దెనిమిదో హోల్ గ్రీన్ల దగ్గర పందిళ్ళ వంటి సాదా నీడ వేసినా వృద్ధ ప్రేక్షకులు ఇంకో రెండు గంటలు ఉండగలుగుతారు. తాతయ్యలనూ అమ్మమ్మలనూ వెంట తీసుకువెళ్ళే మన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో ఇలాంటి పోటీలలో తిండి బళ్ళు ఎక్కువగా బర్గర్లు, హాట్‌డాగ్‌ల మీదే నడుస్తాయి కనుక, శాకాహారులు ఇంట్లో కడుపునిండా తిని బయలుదేరడం మంచిది.

డబ్బు విషయం కూడా చెప్పాలి. 2023లో ఈ పోటీ మొత్తం బహుమతి నిధి 35 లక్షల డాలర్లు. అదే ఏడాది పురుషుల పీజీఏ చాంపియన్‌షిప్‌కు 1 కోటి 75 లక్షలు. ఇదే కోర్సులో 2025లో జరిగిన మహిళల పీజీఏకు 1 కోటి 20 లక్షలు. మహిళల నిధి పెరగడం ఎంతో ఆనందించదగ్గ విషయం, అది ఇంకా పెరగాలి. సీనియర్ల పోటీ మాత్రం ఒకే సంస్థ నడిపే మూడు మేజర్లలో చివరి వరుసలోనే ఉండిపోయింది. స్ట్రికర్‌కో హారింగ్టన్‌కో ఆ డబ్బు లేక గడవదని నా వాదన కాదు. వడపోతను దాటి నాలుగు రోజులూ ఆడిన క్లబ్ ప్రొఫెషనల్‌కు ఆ చెక్కు అతని సంవత్సరపు లెక్కలనే మార్చగలదు. విజేతకు మరుసటి ఏడాది పురుషుల పీజీఏ చాంపియన్‌షిప్‌లో చోటు ఇచ్చే ఆనవాయితీ మాత్రం మెచ్చుకోదగినది. ఫిల్ మికెల్సన్ 2021లో యాభై ఏళ్ళ వయసులో ఆ పోటీనే గెలిచి చూపించాడు కనుక, ఆ ఆహ్వానాన్ని లాంఛనంగా తీసిపారేయలేం.

మన పిల్లలలో గోల్ఫ్ మీద ఆసక్తి పెరుగుతున్న కాలమిది. హైదరాబాదు మూలాలున్న తల్లిదండ్రుల బిడ్డ సాహిత్ తీగల 2023 సెప్టెంబరులో పీజీఏ టూర్‌లో తొలి టైటిల్ గెలిచాక, మన ఇళ్ళలో ఈ ఆట గురించి అడిగే ప్రశ్నల తీరు మారింది. ఆ పిల్లలను సుదీర్ఘమైన క్యూలు, కిక్కిరిసిన గ్యాలరీలు ఉండే పెద్ద మేజర్‌కు మొదటిసారి తీసుకువెళితే, వారికి కనిపించేది ముందువాళ్ళ వీపులే. సీనియర్ పీజీఏలో తాడు పక్కనే నిలబడి ఒకే ఆటగాడి గ్రిప్పునూ, నిలుచునే తీరునూ, చెడ్డ షాట్ తర్వాత అతని ప్రవర్తననూ వరుసగా తొమ్మిది హోల్స్ చూడగలుగుతారు. అన్నిటికంటే ఆ చివరిది పన్నెండేళ్ళ పిల్లలకు ఎక్కువ ఉపయోగం.

మొత్తంమీద ఐదు మార్కులకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్క మార్కూ నీడ కోసమే. 2018లో ప్రకటించిన కార్యక్రమం ప్రకారం ఈ పోటీ 2029లో ఫ్రిస్కోకు తిరిగి రావలసి ఉంది. వెళ్ళదలచినవారు ఆదివారం టికెట్టు ఒక్కటే కొని ఊరుకోవద్దు. గురువారం గానీ శుక్రవారం గానీ పొద్దున్నే వెళ్ళి, మొదటి గంట ప్రాక్టీస్ గ్రౌండ్ దగ్గర గడపండి. తర్వాత ఒక క్లబ్ ప్రొఫెషనల్ ఉన్న గుంపుతో తొమ్మిది హోల్స్ నడవండి. ఎండ ముదిరే వేళకు పదిహేనో హోల్ చేరుకోండి. అది పొట్టి పార్ 4 కాబట్టి, ఒక్క దెబ్బతో గ్రీన్‌కే గురిపెట్టాలా, జాగ్రత్తగా ముందు ఆపుకోవాలా అన్న నిర్ణయం ప్రతి గుంపులోనూ మీ కళ్ళ ముందే జరుగుతుంది. టోపీ, సన్‌స్క్రీన్, అలవాటైన పాత బూట్లు తప్పనిసరి. ఫోను మోగకుండా పెట్టుకోండి.